ఆ ఒక్కరూ ఉండండి

డాక్టరు గదిలో కుర్చీలు రెండే. వచ్చినవాళ్లు తొమ్మిదిమంది.

కుర్చీల్లో లెక్చరరు గారూ, ఆయన భార్యా కూర్చున్నారు. మిగతా ఏడుగురూ గోడకి ఆనుకుని నిలబడ్డారు. తేల్చాల్సింది ఒకటే: మోకాలికి ఆపరేషన్ అవునా, కాదా? కీలు పూర్తిగా అరిగిపోయింది. చేయిస్తే మళ్లీ మామూలుగా నడవొచ్చు. వికటిస్తే ఇప్పుడున్న కాస్త నడకా పోతుంది.

"కత్తి దాకా ఎందుకురా? నూనె రాసి కాపడం పెడితే సరిపోయేదానికి," అన్నాడు అన్నయ్య.

"మా తోటికోడలు ఇలాగే నాన్చి నాన్చి మంచాన పడింది. చేయించెయ్యి తమ్ముడూ," అంది అక్క.

ఇంకో డాక్టరుకి కూడా చూపిద్దామన్నారు బావగారు. ఆపరేషన్ అన్న మాట వినపడినప్పుడల్లా పిన్ని కళ్లు తుడుచుకుంటోంది. తలో మాటతో గది సంతలా తయారైంది.

లెక్చరరు గారికి ఒళ్లు మండిపోయింది. కాలేజీలో ఆయన ముప్పై ఏళ్లుగా నోరు నొప్పెట్టేలా చెబుతున్న పాఠమే ఇది. "పడమటి దేశాలవాడు నోరు తెరిస్తే 'నేను' అంటాడు. మనం 'మేము' అంటాం. నొప్పి ఒకరిది, నిర్ణయం పదిమందిది. అదీ మన జబ్బు," అని బల్ల గుద్ది మరీ చెబుతారు. పిల్లలు బుద్ధిగా రాసుకుంటారు. బల్ల గుద్దే ఆయన ఒంటిమీది చొక్కా మాత్రం ఏ రోజుకారోజు భార్య తీసి మంచం మీద పెట్టిందే.

డాక్టరమ్మ ఎక్స్‌రే పక్కన పెట్టింది.

"ఇది పదిమంది కూర్చుని తేల్చేది కాదండీ. ఒక్కరు తేల్చుకోవాలి. ఆ ఒక్కరూ ఉండండి, మిగతావాళ్లు బయటికి వెళ్లండి."

లెక్చరరు గారి నెత్తిన పాలు పోసినట్టయింది. ఇన్నాళ్లకి తన పాఠం తెలిసిన మనిషి ఒకరు దొరికారు.

"విన్నారుగా," అంటూ లేచి, అన్నయ్యని భుజం పట్టుకుని గుమ్మం దాటించారు. బావగారు మర్యాదగానే కదిలారు.

"పెద్దవాళ్లం, మాకో మాట లేదా?" అని అక్క మూతి ముడుచుకుంది.

"అదేనక్కా మన జబ్బు," అన్నారాయన.

ఏడుగురూ వెళ్లాక భార్య వైపు తిరిగారు.

"నువ్వు కూడా."

"నేనూ వెళ్లాలా అండీ?"

"పద్ధతంటే పద్ధతే. నువ్వు ఎదురుగా ఉంటే నీ మొహం చూసి మెత్తబడిపోతాను."

ఆవిడ బల్ల అంచు పట్టుకుని మెల్లగా లేచి తలుపు వైపు కదిలింది.

లెక్చరరు గారు ఫైలు ఒళ్లో సర్దుకున్నారు. ఇంటికి ఏ రంగు వేయాలో కూడా అన్నయ్యనడిగి తేల్చిన మనిషి. పుట్టి బుద్ధెరిగాక ఎవర్నీ అడక్కుండా తీసుకున్న మొదటి నిర్ణయం ఇది.

"నేను తేల్చేసుకున్నాను డాక్టరుగారూ. ఆపరేషనే. పధ్నాలుగో తారీకు నుంచి నాకు కాలేజీ సెలవులు. అప్పటికి పెట్టుకుందాం."

డాక్టరమ్మ పెన్నుకి మూత పెట్టింది. తలుపు దాకా వెళ్లినావిడని వెనక్కి రమ్మని చేత్తో పిలిచింది.

"మాస్టారూ, మీరు కూడా బయటికి వెళ్లండి, ఆవిడ మోకాలి గురించి ఆవిడతో మాట్లాడాలి."