జర్మనీ కారులో పాట

కొత్త సెట్టు తెర మీద రంగులన్నీ వచ్చాయి. పాట పేరు వచ్చింది, అది ఎంతసేపు ఉంటుందో కూడా వచ్చింది. పాట మాత్రం రాలేదు. సూరయ్య బొత్తాన్ని తిప్పగలిగినంత తిప్పి, విసుగెత్తి డాష్‌బోర్డు మీద అరచేత్తో ఒక్కటిచ్చాడు.

"ఇది మూడో సెట్టురా కొండబాబూ. ఇంకెన్ని మారుస్తావు?"

కొండబాబు శ్రీకాకుళంలో కార్లకు పాటల సెట్లు బిగించే మనిషి. మామూలు కార్లయితే టీ తాగినంత సేపట్లో పని ముగించేస్తాడు. ఈ పాత జర్మనీ కారు మాత్రం కంపెనీ సెట్టు చచ్చిపోయిన నాటి నుంచీ అతని ప్రాణం తీస్తోంది. ఒక వైరు ముట్టుకుంటే ఏసీ ఆగిపోతుంది, ఇంకోటి పీకితే హారన్ దానంతటది మోగుతుంది. మోగాల్సింది తప్ప అన్నీ మోగుతున్నాయని అతనే విసుక్కుంటూ సీటు కింద దూరాడు.

వెనక సీట్లో సూరయ్య భార్య లక్ష్మణమ్మ, కూతురు హేమ ఉసూరుమంటూ కూర్చున్నారు. గురువారం హేమకు నిశ్చితార్థం. విజయనగరంలో చీర కొందామని బయల్దేరి, ఐదు నిమిషాలని ఇక్కడ ఆగితే పూట గడిచిపోయింది.

పెళ్ళికొడుకు వినోద్ పరాయివాడేమీ కాదు, లక్ష్మణమ్మ అన్న జగన్నాధం కొడుకు. కారు అమ్మింది కూడా ఆ జగన్నాధమే. అక్కడే వచ్చింది తంటా. రైల్వేలో పనిచేసి కొత్తవలసలో ఇల్లు కట్టుకున్న ఆ పెద్దమనిషి, నా దగ్గరున్నన్నాళ్ళూ సెట్టు సుబ్బరంగా పాడిందని ఒకటే మాట. పాడైపోయినదాన్ని అంటగట్టావని సూరయ్య ఒకటే మాట. ముందు సంబంధం మాటలకని, తర్వాత ఈ సెట్టు గొడవకని, ప్రతి ఆదివారం ఇదే కారులో కుటుంబాన్ని ఎక్కించుకుని కొత్తవలస వెళ్ళి మరీ దెబ్బలాడి వస్తున్నాడు.

ఇవాళ ఓపిక అయిపోయింది. ఫోన్ తీసి బావకు కలిపాడు.

"బావా, మూడో సెట్టు కూడా మోగనేదు. ఇంత దగా సేసినోడింటికి నా పిల్లనివ్వను. గురువారం మీరెవ్వరూ రానక్కర్నేదు."

హేమ కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. లక్ష్మణమ్మకు ఒళ్ళు మండిపోయింది. పాట రాలేదని పెళ్ళి ఆపేవాణ్ణి ఎక్కడైనా చూశామా అని గొణిగింది. సూరయ్య వినలేదు. సంగతి పాట కాదు, నమ్మకం అన్నాడు. అవతల నుంచి జగన్నాధం ఏదో సర్దిచెప్పబోతుంటే అదీ చెప్పనివ్వకుండా అరుస్తూనే ఉన్నాడు.

ఇంతలో కొండబాబు ఒక వైరు పట్టుకుని పాకుతూ పాకుతూ డిక్కీ దాకా వెళ్ళాడు. పాటను పెంచి స్పీకర్లకు పంపే పెట్టె ఈ కారులో వెనకాల ఉంటుందని అతనికి ఇప్పుడే తెలిసింది. ఎడమ పక్క కార్పెట్టు లేపి, ఆ పెట్టెను ఊడదీసి తెచ్చి సూరయ్య చేతిలో పెట్టాడు. నిండా తుప్పు. తుప్పు మీద తెల్లగా ఉప్పు పొర. ఆ పొరలో అక్కడక్కడా మెరుస్తూ చేప పొలుసులు.

"ముందు నుంచీ వాసనొస్తనే ఉన్నాది బాబూ," అన్నాడు కొండబాబు నసుగుతూ. "సేపల యాపారం కదా, తమరొంటి మీంచి వస్తంది గావాలనుకొని ఊరుకున్నాను."

సూరయ్య ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ చేపల మధ్య బతికిన మనిషికి ఏ వాసనా తెలియలేదు. అయితేనేం, దొంగ దొరికాడు. చేపలకు అతనికి వేరే వ్యాను ఉంది. ఈ కారులోకి ఒక్క రొయ్య ఎక్కినా ఊరుకోనని కారు కొన్న రోజే ఇంటిల్లిపాదికీ చెప్పి ఉన్నాడు.

"సూసేవా బావా," అన్నాడు ఫోనులోకి, గెలిచినవాడి గొంతుతో. "నీ డిక్కీలో ఉప్పునీళ్ళు, సేప పొలుసులు. సేపలు మోసి మోసి పెట్టెని పాడు సేసీసి నాకు అమ్మేవు. ఇప్పుడేటంటావు?"

జగన్నాధం ఫోను చెల్లెలికిమ్మన్నాడు. తప్పు చేసినవాళ్ళంతా ఇలాగే ఆడాళ్ళ చాటుకు పోతారని సూరయ్య ఎగతాళి చేసి, ఫోను వెనక్కి అందించాడు.

లక్ష్మణమ్మ ఫోను చెవిన పెట్టుకుని విన్నది. "నువ్వు మాట పడక్కర్నేదులే అన్నా, నాను సెప్తాను," అని ఫోను పెట్టేసింది. కొంగుతో హేమ కళ్ళు తుడిచింది. అప్పుడు మొగుడి వైపు తిరిగింది.

"పుట్టింటికి వట్టి సేతుల్తో ఎల్తానేటి? బండి ఇంటికొచ్చిన ఆదివారం నుంచీ డిక్కీలో ఐసు పెట్టి సేపలు ఎట్టించింది నాను."

"నాకు తెల్నేదు," అన్నాడు సూరయ్య.

"నీకు తెల్నేదంటే నమ్మమంటావేటి?" అంది లక్ష్మణమ్మ. "వారం వారం అరుగు మీద కూకొని మా అన్నని దులిపీసి, లోపలికొచ్చి మల్లీ మల్లీ ఏయించుకొని తిన్నావే వంజరం పులుసు, ఆ సేపని కొత్తవలసలో ఏ సముద్రంలో పట్టేరనుకున్నావు?"