పియానో చూపులు

"ఈవిడ మా రెండో తోడికోడలండీ. ఒక్కసారి వాయించి చూస్తుంది," అంది కళ్లజోడావిడ లోపలికి వస్తూనే.

దుకాణదారు పరుగున వెళ్లి పియానో మీది గుడ్డ తీశాడు. "చూడండమ్మా, మీ సొంతమే అనుకోండి."

"అందరూ అనుకోవడం దగ్గరే ఆగిపోతున్నారు," అని గొణిగాడు గల్లా దగ్గర కూర్చున్న అతని బావమరిది.

తోడికోడలు వాయించింది. వాయించడమంటే, నిద్రమత్తులో పిల్లి నడిచినట్టు వేళ్లు ఒక్కో మెట్టునూ తడుముకుంటూ పోయాయి. పక్క స్టూలు మీద కూర్చున్న కళ్లజోడావిడ చెవి ఒగ్గి, ఉండుండి "మళ్లీ" అంటోంది. సరిగ్గా ముప్పావుగంటకు చేతి గడియారం చూసుకుని లేచింది.

"ఎలా ఉందమ్మా?"

"మధ్యలో ఒక మెట్టు బిగుసుకుంది. బాగుచేయించి పెట్టండి. రేపు ఐదింటికి మా మరిదిని తీసుకొస్తాను."

వెళుతూ వెళుతూ బల్ల మీద ఉన్న దుకాణం కార్డులు గుప్పెడు తీసుకుంది. "మావాళ్లకిస్తాను. దారి తెలియాలి కదా."

దుకాణదారు తండ్రి పెట్టిన కొట్టు అది. ఆర్నెల్లుగా ఈగలు కూడా బేరమాడి వెళ్లిపోతున్నాయి. చివరికి 'సరుకంతా సగం ధరకే' అని బోర్డు పెడితే గిటార్లూ ఫ్లూట్లూ తీగల చుట్టలూ జనం ఊడ్చుకుపోయారు. ఆ డబ్బు సరుకు పంపినవాళ్లకే సరిపోయింది. ఇక మిగిలింది పియానో ఒక్కటే. అది అమ్ముడైతే అద్దె బాకీ తీరుతుంది, మరమ్మతులు చేసుకుంటూ దుకాణం నిలబెట్టుకోవచ్చు. లేకపోతే నెలాఖరు శనివారం తాళంచెవులు తన చేతిలో పెట్టాలని ఇంటి ఓనరు తేల్చి చెప్పాడు.

మరిది వచ్చాడు. ఆ మర్నాడు అక్క కూతురు. తర్వాత వియ్యపురాలు. శుక్రవారం ఆడపడుచు. సోమవారం మళ్లీ తోడికోడలు.

నాలుగు వారాలు గడిచాయి.

"పెళ్లిచూపులకు కూడా ఇంతమంది రారు బావా," అన్నాడు బావమరిది. "వచ్చినా ఒకసారి చూసి పోతారు. వీళ్లు వారంవారం చూస్తున్నారు."

"పెద్ద కుటుంబం. అందరికీ నచ్చాలి కదరా."

"అసలు ఆ మరిదికీ ఆవిడకీ పోలికే లేదు."

"వదిన పోలికలు మరిదికెందుకొస్తాయిరా, తెలివితక్కువ వెధవా!"

బావమరిది తగ్గలేదు. గొంతు తగ్గించాడంతే. "వీధి చివర కొత్త మ్యూజిక్ షాపు పెట్టారే, వాళ్లు పంపిన మనుషులు వీళ్లు. నొక్కి నొక్కి దాన్ని పాడుచేస్తారు. ఆనక తుక్కు కింద కొనుక్కుపోతారు. రాసిపెట్టుకో."

"పాడవడమా? సరిగ్గా విను."

లోపల తోడికోడలు వాయిస్తోంది. నెల క్రితం పిల్లి నడకలా ఉన్నది ఇప్పుడు అచ్చంగా పాటలాగే ఉంది.

"చూశావా?" దుకాణదారు ఛాతీ పొంగింది. "నేను శ్రుతి చేశాక పియానో ఎంత బాగుపడిందో!"

శ్రుతి ఒక్కటే కాదు. ఆవిడ అడిగిందని స్టూలు ఎత్తు పెంచాడు. ఉక్కగా ఉందంటే తన నెత్తి మీది ఫ్యాను తీసి పియానో మీదికి బిగించాడు. వియ్యపురాలికి నడుము నొప్పంటే ఇంట్లోంచి దిండు తెచ్చాడు. ఆ దిండు కోసం భార్యతో మాటలు కూడా పడ్డాడు.

గురువారం అతని కంట ఒక దృశ్యం పడింది. వియ్యపురాలు లేచి వెళుతూ ఒక తెల్ల కవరు కళ్లజోడావిడ చేతిలో పెట్టింది. ఆవిడ చప్పున సంచీలో వేసుకుంది.

దుకాణదారు బావమరిది మోచెయ్యి గిల్లాడు. "మొన్న మరిది కూడా ఇచ్చాడురా, అలాంటి కవరే! తలా కొంత వేసుకుంటున్నారు. బేరం తెగినట్టే!"

"శనివారంలోగా తెగాలి బావా."

శుక్రవారం ఆడపడుచు వచ్చింది, వాయించింది, వెళ్లింది. బేరం ఊసే లేదు.

శనివారం ఐదైంది. ఓనరు వచ్చి ఖాళీ గిటారు స్టాండు పక్కన కుర్చీ వేసుకున్నాడు. ఐదున్నర. "ఇంక ఎవరికోసమయ్యా చూడ్డం?" అంటూ చెయ్యి చాచాడు. దుకాణదారు మొలతాడు నుంచి తాళంచెవుల గుత్తి విప్పాడు.

తలుపు కిర్రుమంది.

కళ్లజోడావిడ. ఒక్కతే, రొప్పుతూ.

"ఇవాళ ఎవరమ్మా?" నీరసంగా అడిగాడు. "పినమామగారా?"

"ఎవరూ లేరండీ. కొనేద్దామని వచ్చాను. బయట ఎవరో అన్నారు, మీరు ఇవాళ మూసేస్తున్నారని. గుండె ఆగినంత పనైంది!"

సంచీ బల్ల మీద బోర్లించింది. తెల్ల కవర్లు జలజలా రాలాయి, వాటి వెనకే రెండు నోట్ల కట్టలు. బావమరిది రెండుసార్లు లెక్కపెట్టాడు. బోర్డు మీది ధరకు ఒక్క కాగితం తగ్గలేదు. ఓనరు తన వాటా జేబులో కుక్కుకుని, చాచిన చేత్తోనే నమస్కారం పెట్టి కదిలాడు.

దుకాణదారు తాళంచెవులు మళ్లీ మొలకు కట్టుకున్నాడు. కళ్లు తుడుచుకున్నాడు.

బావమరిదికి సిగ్గు ముంచుకొచ్చింది. "మిమ్మల్ని ఏవేవో అనుకున్నానమ్మా, తప్పైపోయింది. మోత కూలి నాది." క్షణంలో వీధిలోకి పోయి నలుగురు కూలీలను లాక్కొచ్చాడు. వాళ్లు తాళ్లు బిగించి, హుప్ అని పియానో లేపారు.

"ఏ వీధికి పంపమంటారమ్మా?" అడిగాడు దుకాణదారు, కాగితం కలం పట్టుకుని. "అడ్రసు చెప్పండి."

ఆవిడ కంగారుగా పియానోకు అడ్డం వచ్చి నిలబడింది.

"దించండి బాబూ, నా శిష్యులందరికీ నేనిచ్చిన అడ్రసు ఇదే!"