రెండు గుండెలు

"ఇంకోసారి పక్కకి తిరగమ్మా."

డాక్టర్ శరణ్య ఎంతకీ స్కానింగ్ ఆపడం లేదు. లక్ష్మీతులసి ఎటు తిరిగినా తెర మీద కవలలిద్దరూ ఎదురెదురుగానే ఉన్నారు. ఒకరు కదిలితే రెండోవారూ కదులుతున్నారు.

పక్కనే నిలబడ్డ ఆమె భర్త వీరబాబుకి అది ముచ్చటగా కనిపించింది.

"చూసేవా, ఎంత ఐకమత్యమో!" అన్నాడు నవ్వుతూ.

డాక్టర్ నవ్వలేదు. మెల్లగా చెప్పింది.

"పిల్లలిద్దరూ పొట్టల దగ్గర అతుక్కుని ఉన్నారు వీరబాబుగారూ. గుండెలు వేరువేరుగానే ఉన్నాయి. కాలేయం మాత్రం కలిసిపోయినట్టుంది. హైదరాబాదులో ఎమ్మారై తీయిస్తే ఏది ఎవరిదో స్పష్టంగా తెలుస్తుంది. ఆ తర్వాత ఏం చెయ్యాలో ఆలోచించుకుందురుగాని."

వీరబాబు అంబాజీపేటలో కొబ్బరి దింపులు తీసే మనిషి. ఎంత ఎత్తు చెట్టయినా చకచకా ఎక్కేసేవాడు, ఆ గది గడప దాటడానికి తలుపు పట్టుకున్నాడు.

హాల్లోకి వచ్చి, తులసిని బల్ల మీద కూర్చోబెట్టి తల్లికి ఫోన్ చేశాడు. అతని గొంతు పెద్దది. సంగతి అక్కడున్న అందరికీ తెలిసిపోయింది.

"జంట అరటిపండు తినుంటుంది పిల్ల," అంది ఓ పెద్దావిడ.

"అరటిపండ్లకే అలా పుడితే కోనసీమ నిండా కవలలే ఉండాలి కదండీ," అంది ఎదురు బల్ల మీద కూర్చున్న ఒకావిడ.

ముప్పై ఏళ్ళుంటాయేమో. ఆవిడా కడుపుతోనే ఉంది. లేచి వచ్చి తులసి పక్కన కూర్చుంది.

"గుండెలు ఒకటన్నారా, రెండన్నారా చెల్లెమ్మా?"

"రెండేనండీ," అంది తులసి కళ్ళు తుడుచుకుంటూ.

ఆవిడ ముఖం వెలిగిపోయింది.

"అయితే ఇంకేం! డాక్టరుగారు చెప్పిన చోటికి వెళ్ళండి. ముందే తెలియడం ఎంత అదృష్టమో! పురిట్లో తెలిస్తే ఎవరికీ కాళ్ళూ చేతులూ ఆడవు. ఇప్పుడైతే డాక్టర్లు సిద్ధంగా ఉంటారు."

వీరబాబుకి ఒళ్ళు మండింది.

"చెప్పడం తేలికేనండీ. జనం వింత చూడ్డానికి వస్తే పడేది మేం. అసలు ఇలాంటోళ్ళు బతికి బట్టకట్టడం మీరెక్కడైనా చూసేరా?"

"చూసేనండీ. తలెత్తుకుని బతుకుతారు. నేనే..."

"చాల్లెండి! మీ కడుపు చల్లగా ఉంది, ఎన్నైనా చెబుతారు."

ఆవిడ నొచ్చుకున్నట్టు లేదు. మళ్ళీ ఏదో చెప్పబోయింది. ఇంతలో నర్సు తలుపు తీసింది.

"ఉమామహేశ్వరిగారూ, రండి."

"నాకూ ఇదే మొదటి స్కానింగండీ. వచ్చి మాట్లాడతాను, వెళ్ళిపోకండేం," అంటూ లోపలికి వెళ్ళింది.

వీరబాబు ఆగలేదు. భార్యని లేపి ఆటో ఎక్కించేశాడు.

దారిలో తులసి ఒక్క మాటే అంది.

"హైదరాబాదు వెళ్దామండీ. ఆవిడ ఉత్తినే చెప్పలేదు."

వెళ్ళారు. కాలేయం కలిసి ఉన్నా ఇద్దరికీ పంచేంత ఉందని ఎమ్మారైలో తేలింది. పురుడు వచ్చేనాటికి ఆ ఆసుపత్రిలో ఎవరి పని ఏమిటో డాక్టర్లందరికీ ముందే తెలుసు. ఇద్దరూ ఆడపిల్లలు. కాస్త పెరిగాక ఆపరేషన్ చేసి విడదీశారు.

మొదటిసారి ఒక్క పిల్లనే ఎత్తుకున్నప్పుడు, చేతుల్లో సగం బరువు లేక వీరబాబుకి భయం వేసింది. రెండో పిల్లని కూడా రెండో చేతిలో పెట్టాక గాని ఊపిరి ఆడలేదు.

అంబాజీపేట వచ్చాక అతన్ని పట్టడం ఎవరి తరమూ కాలేదు. కొబ్బరి లారీల డ్రైవర్లని కూడా ఆపి, "మా అమ్మాయిలండీ" అని చూపించాడు.

ఓ రోజు పిల్లల్ని తీసుకుని, మొదట స్కానింగ్ తీసిన అమలాపురం ఆసుపత్రికి వెళ్ళారు. డాక్టర్ శరణ్య ఇద్దర్నీ ఒళ్ళో కూర్చోబెట్టుకుంది.

"మేడమ్‌గారండీ, ఆ రోజు ఇక్కడ ఉమామహేశ్వరిగారని ఒకావిడ మాకు ధైర్యం చెప్పేరు. నేనే కసిరేసేను. పిల్లల్ని చూపించి, తప్పయిపోయిందని చెప్పుకుందామని వచ్చేను."

"అయ్యో! పాప పుట్టేక మస్కట్ వెళ్ళిపోయేరండీ, వాళ్ళాయన దగ్గరికి. వెళ్ళే ముందు కూడా మీ సంగతి అడిగేరు."

వీరబాబు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"ఇలాంటి పిల్లల్ని చూసేనన్నారండీ ఆవిడ. ఎక్కడ చూసేరండీ?"

శరణ్య పిల్లల జుట్టు సవరించింది.

"ఎవరడిగినా గొప్పగా చెప్పమన్నారు లెండి, దాచుకునే సంగతి కాదన్నారు. ఆవిడా, వాళ్ళక్కా మీ పిల్లల్లాగే అతుక్కుని పుట్టినవాళ్ళండీ."