నక్క అడిగిన ఆట

దగ్గరికి జరగండి పిల్లలూ, కూర్చోండి.

అడవిలో ఉడుతా, కుందేలూ రోజూ సాయంత్రం మిగతా జంతువుల ముందు వేషాలు వేసి నవ్వుల ఆట ఆడేవి. చూసేవాళ్ళు ఏది అడిగితే అది అప్పటికప్పుడు ఆడాలి, కాదనకూడదు. ఆ కట్టుబాటు ఉడుత పెట్టిందే.

ఒకనాడు చూసేవాళ్ళలోంచి నక్క లేచింది. "కుందేలును నక్క ఎత్తుకుపోయే ఆట ఆడండి. నక్క వేషం నేనే వేస్తాను."

"వద్దక్కా!" అని కుందేలు ఉడుత వెనక దాక్కుంది. నక్క మాట ఉడుతకూ నచ్చలేదు. కానీ అప్పటికే అందరూ చప్పట్లు కొడుతున్నారు. ఆట చెడుతుందని ఉడుత, "కానీయ్ తమ్ముడూ, చూస్తున్నారు," అంది.

నక్క కుందేలు మెడ కరిచి పట్టుకుంది.

"అక్కా, ఇది ఆట కాదే!"

"అబ్బ, ఏం ఏడుస్తున్నాడ్రా!" అంటూ జంతువులు పడీపడీ నవ్వాయి.

నక్క కుందేలును ఎత్తుకుని పొదల్లోకి పోయింది. కుందేలు అరుపు ఆగిపోయింది.

"ఇంకోసారి ఆడించవే, ఉడుతమ్మా!" అంది ఎలుగుబంటి, నవ్వి నవ్వి వచ్చిన కన్నీళ్ళు తుడుచుకుంటూ. ఉడుత ఒక్కతే పొదలవైపు చూస్తూ నిలబడిపోయింది.

ఇక లేవండి. అమ్మలు అన్నాలు వడ్డించి ఉంటారు, వెళ్ళి తినండి.