గంప జరిపిన రోజు

ఆ పొద్దున ఆకాశం ఒక్క చినుకు రాల్చకుండా ఒకటే ఉరిమింది.

కరుణమ్మ పరుగున వసారాలోకి వచ్చింది. ఉరిమితే పొదుగులో గుడ్లు మురిగిపోతాయి. విరిగిన కొడవలి ముక్క, రెండు ఎండు మిరపకాయలు తెచ్చి గంపలో దోపబోయింది. ఎర్రపెట్ట ఈకలన్నీ ఉబ్బించి, ఆమె చేతి మీద నెత్తురు వచ్చేట్టు పొడిచింది.

"పొడువు తల్లీ, పొడువు. గుడ్ల మీంచి మాత్రం లేవమాక."

గంపలో పదకొండు గుడ్లు. పెట్ట కూర్చుని అప్పటికి పదిహేను రోజులు.

రెంటచింతలలో ఆ ఇంటికి కోళ్లు అదే మొదలు. మొగుడు ఇశ్రాయేలు మూడేళ్లు సాగరు డ్యాము దగ్గర రాళ్లకు బెజ్జాలు వేసి, దగ్గుతో ఇల్లు చేరాడు. ఇప్పుడు దగ్గితే నెత్తురు. అతనికి జతగా సమ్మెట కొట్టిన దుర్గి ఊరి యోహాను అదే దగ్గుతో మట్టల ఆదివారం నాడు పోయాడు.

"సూదిమందు ఒక్కటే చాలదు. రోజూ గుడ్డు పడాలి" అన్నాడు డాక్టరు.

దగ్గు ఇంటి గడప తొక్కేవాళ్లే లేరు. ఇక గుడ్డు ఎవరిస్తారు?

ఊరూరా తిరిగి కోళ్లు కొనే ఖాసిం ఒకనాడు పొదుగుకొచ్చిన పెట్టను, గుడ్లను తెచ్చి వసారాలో దింపాడు.

"డ్యాము మేస్త్రీ పంపాడక్కా" అన్నాడు. డబ్బులేమీ అడగలేదు.

రాబోయే పిల్లల కోసం ఇశ్రాయేలు నాపరాళ్లు పేర్చి గూడు కట్టాడు. ఒక రాయి పెట్టి కూర్చునేవాడు. ఇంకో రాయి పెట్టి దగ్గేవాడు. మూరెడు గూటికి పది రోజులు పట్టింది.

ఆ పొద్దున అతను సూదికి మాచర్ల వెళ్లాడు. బస్సు పోయిన కాసేపటికి ఎవరో ముసలమ్మ వాకిట్లోకి వచ్చింది. కాళ్ల నిండా దుమ్ము. ఎడమ కంట్లో పువ్వు.

"గుక్కెడు నీళ్లు ఇస్తావా అమ్మాయ్?"

ఆ ఇంట నీళ్లడిగిన మనిషిని చూసి ఎన్నాళ్లయిందో. కరుణమ్మ గబగబా లోపలికి పోయింది. చెంబుతో తిరిగి వచ్చేసరికి ముసలమ్మ గంప ముందు చతికిలబడి, పెట్ట కిందికి చెయ్యి పోనిచ్చి ఉంది.

పెట్ట పొడవలేదు. ఒక్క ఈక కూడా లేపలేదు. కళ్లు అరమూసుకుంది.

"తియ్యి! ముందు చెయ్యి తియ్యి!"

"వెచ్చగానే ఉన్నయి బిడ్డా. ఇంకో ఆరు రోజులేగా."

కరుణమ్మ చెంబు కింద పెట్టేసింది.

"రోజులు నీకెట్టా తెలుసు? ఏ ఊరు నీది?"

"దారినపొయ్యేదాన్ని."

"దారినపొయ్యేదానివి దారిన పోక నా గంపతో ఏం పని? నన్ను పొడిచి చంపే పెట్ట నీ చేతి కింద పిల్లిలాగా పడుకుందే! ఏం చదివావు దాని మీద?"

"నాకు అచ్చరమ్ముక్క రాదు తల్లీ."

"ఎకసెక్కాలా? లేస్తావా, చీపురు తియ్యమంటావా?"

ముసలమ్మ పెట్ట కింది నుంచి చెయ్యి తీసింది. మోకాళ్ల మీద చేతులూని లేచింది. నీళ్లు తాగకుండానే వాకిలి దాటి, వెనక్కి తిరిగింది.

"పోతన్నాలే. గంపను మాత్రం కదపమాక బిడ్డా. ఒకసారి కూర్చున్నాక చోటు మారితే ఆ పెట్ట ఉండదు."

కరుణమ్మ అనుమానం గట్టిపడింది. మళ్లీ వచ్చి ఇంకేదో చేయడానికే కదపొద్దంటోంది. ముసలమ్మ వీధి మలుపు తిరగగానే గంపెత్తి వంటింట్లో కుండల చాటున పెట్టింది.

పెట్ట గంపలోంచి దూకింది. వసారాలోకి పోయి, గంప తీసిన చోట, వట్టి నేల మీద కూర్చుంది.

కరుణమ్మ దాన్ని ఎత్తుకొచ్చింది. అది మళ్లీ పోయింది. పైన తట్ట బోర్లించింది. పెట్ట లోపల తొక్కులాడి రెండు గుడ్లు పగలగొట్టింది.

గంపను మళ్లీ పాత చోట పెడదామా అనుకుంది కరుణమ్మ. పెడితే ఆ ముసలిది చెప్పినట్టు చేసినట్టవుతుంది. పెట్టలేదు.

మూడోనాటికి గుడ్లు రాళ్లలా చల్లబడ్డాయి. ఇశ్రాయేలు ఒకటి పగలగొట్టి చూశాడు. ముక్కు, గోళ్లు, తడి నూగు, అన్నీ వచ్చిన పిల్ల. పెంకు ముక్కలు దాని మీద కప్పి, పక్కకు తిరిగి దగ్గాడు.

"ఆ ముసలిది చెయ్యి పెట్టి కట్టేసి పోయింది. ఈ పెట్ట ఇంక గుడ్డు పెట్టదయ్యా" అంది కరుణమ్మ. "కోసి వండుతా. రసమన్నా నీ ఒంటికి పడుద్ది."

"మంత్రం పడ్డ కోడిని తినొచ్చంటావా?"

"సిలువ గుర్తేసి పొయ్యి మీద పెడతా. మంత్రమేదన్నా ఉంటే ఉడికి చస్తది."

కూర దించి, కంచాల్లో అన్నం పెడుతుండగా వాకిట్లో ఖాసిం సైకిలు ఆగింది.

"అక్కా, పిల్లలు లేచినయ్యా?"

"పిల్లలా! మీ మేస్త్రీకి చెప్పు. కంట్లో పువ్వున్న ముసలిది వచ్చి అంతా నాశనం చేసిపోయిందని చెప్పు."

ఖాసిం సైకిలు దిగలేదు. ఒక కాలు నేల మీద ఆనించాడు.

"మేస్త్రీ లేడు, ఎవరూ లేరక్కా. పెట్టను ఇచ్చింది ఆమే. కొడుక్కి దగ్గు, రోజూ గుడ్డు పెట్టాలని దాన్ని పిల్లప్పటినుంచి సాకింది. పెట్ట గుడ్డుకొచ్చే నాటికి కొడుకు లేడు. దగ్గుతో పోయినోడి ఇంటి కోడంటే మీరు గడప తొక్కనియ్యరని, నాతో అబద్ధం చెప్పిచ్చింది. పెట్ట కుదురుగా కూర్చుందో లేదో చూసొస్తానని దుర్గి నుంచి నడిచొచ్చింది."

అతనికి కూర వాసన తగిలింది. కుండ కేసి చూశాడు. సైకిలు తిప్పుకున్నాడు.

దుర్గి మాట వినగానే ఇశ్రాయేలు చెయ్యి కంచంలో ఆగిపోయింది.

చివరికి అతను కంచం ముందుకు జరిపాడు, కరుణమ్మ కూర వడ్డించింది, యోహాను వాళ్లమ్మ సాకిన పెట్టను ఇద్దరూ మొహాలు చూసుకోకుండా తిన్నారు.