హాఫ్‌టైమ్‌లో ఆరిన లైట్లు

"లైట్లు ఒక్కసారి ఆర్పి వేస్తారా బాబాయ్ గారూ?"

గుమ్మంలో నిలబడి అడిగాడు ఎవరో బక్కపల్చటి మనిషి.

లైట్ల మామకి తాగుతున్న టీ పొలమారింది.

గ్రౌండు చుట్టూ స్తంభాల మీద వెలిగే ఫ్లడ్‌లైట్లన్నిటికీ మీట ఆయన చేతిలోనే ఉంటుంది. అందుకే చిన్నాపెద్దా అందరికీ ఆయన లైట్ల మామ. మేడమీది స్విచ్చుల గదిలోంచి చూస్తే కింద ఫుట్‌బాల్ ఫైనల్ జోరుమీదుంది. ఇసకేస్తే రాలనంత జనం.

"పోయినేడు ఫైనల్లో కరెంటు పోతే జనం కుర్చీలు విరగ్గొట్టారు. ఇప్పుడు నేనే ఆర్పితే నన్ను విరగ్గొడతారు. నీకు నేనేం అపకారం చేశాను బాబూ?"

మామ ఆ మాట ఉత్తినే అనలేదు. ఆట అయ్యేదాకా మీట ముట్టుకుంటే ఉద్యోగం ఊడుతుందని క్లబ్బు సెక్రటరీ గారు పొద్దున్నే మొహమాటం లేకుండా చెప్పేశారు. జీతం సంగతి ఎలా ఉన్నా, ఆ మీట లేకపోతే తను లైట్ల మామ కాదు, ఉత్త ముసలాయన. మామ భయమంతా అదే.

"ఇంకాసేపట్లో మన నెత్తిమీదుగా అంతరిక్ష కేంద్రం వెళ్తుందండీ. అందులోవాళ్లు రాత్రిపూట ఊళ్లని ఫోటోలు తీస్తారు."

"తియ్యనీ. లైట్లు వెలుగుతుంటేనేగా ఫోటో బాగుండేది?"

"అక్కణ్ణించి చూస్తే దేశాల మధ్య గీతలేవీ కనపడవట. అన్నీ దీపాలేనట. రోడ్లు జరీ పోగుల్లా మెరుస్తాయట. సముద్రం ఒడ్డున అంచు కుట్టినట్టు ఉంటుందట. నది ఉన్నచోట మాత్రం నల్లటి పాయ. పాత లైట్లున్న పేటలు పసుప్పచ్చగా, కొత్త లైట్ల పేటలు తెల్లగా కనపడతాయట. మనుషులు ఎక్కడెక్కడ సర్దుకుని బతుకుతున్నారో అంతా తెలిసిపోతుందట."

"మరింకేం కావాలి?"

"ఏ ఊరు ఏదో తెలీదు. అదీ చిక్కు. పక్కపక్కనే అయిదారు ఊళ్లు, అన్నీ ఒక్కలాగే వెలుగుతుంటాయి. కిందనుంచి ఓ పెద్ద వెలుగు ఆరి వెలిగితే, అదిగో ఇదీ అని గుర్తుపట్టొచ్చు."

మామ టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఇవన్నీ వాళ్లు నీకు ఫోన్ చేసి చెప్పారా?"

"వారానికోసారి చేస్తారు."

మామ పకపకా నవ్వాడు. పాపం, ఎక్కడో ఓ మర వదులైందనుకున్నాడు.

"ఏ పేట నీది? ఎప్పుడూ చూళ్లేదే."

"ఈ మధ్యే వచ్చానండీ. ఈ ఊళ్లో ఉద్యోగం దొరికింది."

"నీకు దొరికిందని నాది ఊడగొడతావా?"

ఆ మనిషి కూడా నవ్వేశాడు. నవ్వుతూనే తల దించుకున్నాడు.

"ఇన్నాళ్లూ మబ్బులండీ. ఇవాళే తేటపడింది. ఇంక చాన్నాళ్లదాకా రాత్రిపూట మన మీదుగా రాదు. అయినా మీ ఉద్యోగం పోతే ఆ పాపం నాది. వద్దులెండి."

మెట్లు దిగి వెళ్లిపోయాడు.

హాఫ్‌టైమ్ విజిల్ పడింది. ఆటగాళ్లు లోపలికి వెళ్లారు. జనం తినడానికీ తాగడానికీ లేచారు.

మామ కిటికీలోంచి చూశాడు. ఆ మనిషి గ్రౌండు మూల ఒంటరిగా నిలబడి ఉన్నాడు. జేబులోంచి చిన్న టార్చి తీసి వెలిగించి, ఆకాశంలోకి ఊపుతున్నాడు.

"ఓరి నీ అమాయకత్వం తగలెయ్య! అగ్గిపుల్లంత టార్చి ఎవరికి కనపడుతుందిరా?"

మామకి నవ్వొచ్చింది. ఆ మనిషి చెయ్యి నొప్పిపుట్టి, టార్చిని రెండో చేతిలోకి మార్చుకుని మళ్లీ ఊపాడు. మామ కిటికీ వదిలి స్విచ్చుల దగ్గరికి నడిచాడు.

మీట లాగేశాడు.

గ్రౌండంతా చీకటైంది. జనం "హో!" అన్నారు. అంతవరకూ ఎవరికీ కనపడని చుక్కలన్నీ ఒక్కసారిగా బయటపడ్డాయి. వాటి మధ్యనుంచి ఒక చుక్క తాపీగా నడిచిపోతోంది.

మామ లైట్లు వేశాడు. ఆర్పాడు. వేశాడు. మళ్లీ ఆర్పాడు. కొత్త లైట్లు కాబట్టి సరిపోయింది, పాతవైతే మళ్లీ వెలగడానికి బతిమాలించుకునేవి. హాఫ్‌టైమ్ వినోదం కాబోలనుకుని జనం ఈలలు వేశారు.

ఆఖరుసారి వేసేసరికి ఫోన్ మోగింది. సెక్రటరీ గారు.

"పొద్దున్నే ఆఫీసుకి రా మామా." అంతే, పెట్టేశారు.

ఆ మనిషి మెట్లెక్కి పరిగెత్తుకొచ్చాడు. మామ రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్లనిండా నీళ్లు.

"పో బాబూ, పో! ఫోటోల పిచ్చి మరీ ఇంతుండకూడదు. ఇంక నా కంట పడకు."

పేరు అడగలేదు. గుక్కెడు టీ అయినా ఇవ్వలేదు.

మర్నాడు పొద్దున సెక్రటరీ గారు మామని నిలబెట్టి దులిపేశారు.

"ఎవరడిగారు ఆర్పమని?"

"ఎవరో కొత్త మనిషండీ. పేరు తెలీదు."

"దారినపోయే దానయ్య అడిగితే ఫైనల్లో లైట్లు ఆర్పేస్తావా? ఆ తాళాలు ఇక్కడ పెట్టి..."

బల్లమీద ఫోన్ మోగింది. సెక్రటరీ గారి భార్య ఏదో పంపింది. ఆయన విసుగ్గా చూశారు. మళ్లీ చూశారు. కళ్లజోడు పెట్టుకుని ఇంకోసారి చూశారు.

"కూర్చో మామా," అన్నారు.

ఆ గదిలో మామని కూర్చోమనడం అదే మొదలు.

తెరమీద రెండు ఫోటోలు. బంగారు రజను చల్లినట్టున్న ఊళ్లలో ఒకదాని మధ్య తెల్లటి వెలుగు. రెండోదాంట్లో ఆ వెలుగు లేదు. వాటి కింద, ఆ ఫోటోలు తీసిన వ్యోమగామి రాసిన మాటలు. సెక్రటరీ గారు పైకి చదివారు.

"నేనిక్కడ ఉండగానే మా ఆయన కొత్త ఊళ్లో ఇల్లు తీసుకున్నాడు, అది ఏ దీపాల గుంపులో ఉందో తెలియక చాన్నాళ్లుగా వెతుక్కుంటుంటే, నిన్న రాత్రి కిందనుంచి నాకు కన్ను కొట్టాడు."