నోరు విప్పని కేసు

"నీకేం జబ్బన్నారో కాస్త చెప్పవూ, పెద్దమ్మా!"

తెర చాటున మంచం మీద కూర్చున్న పెద్దావిడ చెవి దగ్గరికి వంగి అడిగింది వైద్య విద్యార్థిని.

పరీక్షకు పిలిపించిన రోగులు జాలిపడి జబ్బు పేరు చెవిలో చెప్పేయడం ఆ కాలేజీలో మామూలే.

"నేనెందుకు చెప్పడం? మెడలో గొట్టం ఉందిగా. విను."

"నీకు దణ్ణం పెడతాను. ఇప్పటికే ఒకసారి తప్పాను. మళ్ళీ తప్పితే మా నాన్న చదువు మాన్పించేస్తాడు."

"అయితే ఇంకా జాగ్రత్తగా విను."

విద్యార్థిని స్టెతస్కోపు ఎడమవైపు ఆనించింది. గుండె చప్పుడు ఎక్కడో దూరంగా ఉంది. ఒళ్ళున్న మనిషి కదా, అంతేలే అనుకుంది.

పొట్ట పైన, కుడి పక్కటెముకల దగ్గర వేలితో తట్టింది. కాలేయం ఉండాల్సిన చోట డొల్లగా మోగింది. తనకే తట్టడం చేతకాలేదనుకుంది.

పరీక్షాధికారి రాగానే పుస్తకంలో ఉన్నట్టు ఒప్పజెప్పేసింది. గుండె ఎడమవైపు, కాలేయం కుడివైపు, అంతా సవ్యంగా ఉంది.

ఆయన స్టెతస్కోపు కొసను ఆవిడ ఛాతీ కుడివైపుకు జరిపాడు.

అక్కడ గుండె డోలులా మోగుతోంది.

"ఈవిడకు లోపలున్నవన్నీ అద్దంలో చూసినట్టు అటువి ఇటు. పుట్టుకతోనే అంత. ఇక నువ్వు వెళ్ళొచ్చు."

వరండాలో ఆవిడను నిలదీసింది విద్యార్థిని.

"ఒక్క మాట చెబితే నీ నోటి ముత్యాలు రాలిపోయేవా?"

"రాలవు. అయినా చెప్పను. నువ్వు ఏడ్చినా చెప్పను, మీ నాన్నొచ్చి తిట్టినా చెప్పను."

"మనిషివి కాదు, రాక్షసివి!"

"అలాగే అనుకో తల్లీ."

తప్పినవాళ్ళంతా కలిసి ప్రిన్సిపాల్ గదికి వెళ్ళారు. ఆవిడ వస్తే పరీక్షకు కూర్చునేది లేదన్నారు. ఆయన ఆవిడను పిలిపించడం మానేశాడు.

పిలవకపోయినా ఆవిడ మళ్ళీ పరీక్షలకు వచ్చింది. గేటు దగ్గర కాపలావాడు అడ్డం నిలబడ్డాడు.

"నీ పేరు కొట్టేశారమ్మా. ఇంటికెళ్ళు."

"పేరు కొట్టేస్తే కొట్టేసుకోమను. నా గుండె ఉన్నచోటే ఉంది. పంపు లోపలికి."

పంపలేదు. పరీక్ష అయ్యేదాకా ఎండలో అక్కడే నిలబడింది. తర్వాత తల దించకుండా వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ వైపు ఎవరికీ కనిపించలేదు.

లోపల, నాన్నను బతిమాలి మళ్ళీ పరీక్షకు కూర్చున్న విద్యార్థిని పాసయింది. ఈసారి మంచం మీదున్న ముసలాయన, అడగ్గానే జబ్బు పేరు చెవిలో చెప్పేశాడు.

"ఆ మొండి మనిషి లేదు, పీడ వదిలింది," అంది నవ్వుతూ వార్డు నర్సుతో.

దుప్పటి మడత పెడుతున్న నర్సు నవ్వలేదు.

"ఒకప్పుడు ఆవిడా చెప్పేదమ్మా. నీలాగే ఏడుస్తున్న కుర్రాడికి చెవిలో చెప్పి గట్టెక్కించింది."

"మరి ఇప్పుడేం వచ్చింది మాయరోగం?"

"ఆవిడ తమ్ముడికీ గుండె కుడివైపే. అందుకే అందరికీ కుడి పక్క వచ్చే అపెండిక్స్ నొప్పి అతనికి ఎడమ పక్క వచ్చింది. డ్యూటీ డాక్టరు అజీర్తి అని మాత్రలిచ్చి పంపేశాడు. ఇంట్లోనే అది లోపల చిట్లి, ప్రాణం పోయింది."

"అదేంటి? ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి చూడలేదా ఆ డాక్టరు?"

"ఎలా చూస్తాడమ్మా, ఆవిడ జాలిపడి గట్టెక్కించిన కుర్రాడే ఆయన."